సొంత స్థలంలో తారు రోడ్డు: మట్టి పరీక్ష నుంచి గుంతల మరమ్మతు దాకా

విల్లా కాలనీ లోపలి దారులు, ఫంక్షన్ హాలు పార్కింగ్, రైస్ మిల్లు యార్డు, గేటు నుంచి ఫామ్‌హౌస్ దాకా వెళ్లే బాట... ఇలాంటి చోట తారు వేయించాలనుకునేవారు ముందుగా అడిగేది "చదరపు అడుగుకు ఎంత?" అని. బేరం అక్కడ మొదలైతే కాంట్రాక్టర్ రేటు తగ్గిస్తాడు, దానికి తగ్గట్టు కింద కంకర మందమూ తగ్గిస్తాడు. వేసిన రోజు రోడ్డు నల్లగా నిగనిగలాడుతుంది. అసలు సంగతి రెండో వానాకాలంలో బయటపడుతుంది.

తారు రోడ్డుకు పెద్ద శత్రువు నీరు. బండ్ల బరువు రెండోది. పైనుంచి పగుళ్లలోకి దిగే నీరు, పక్క నుంచి కంకరలోకి ఊరే నీరు, కింద నల్లమట్టిని ఉబ్బించే నీరు, ఈ మూడింటికీ దారి చూపించాకే తారు గురించి మాట్లాడాలి. కింద చెప్పే మెట్లన్నీ ఆ వరుసలోనే ఉన్నాయి.

1. అసలు తారే కావాలా?

ఇంటి గేటు నుంచి పోర్టికో దాకా ఒకటి రెండు కార్లు పట్టే జాగా అయితే తారు వద్దనే చెబుతాను. తారు, కంకర వేడిగా కలిపే హాట్ మిక్స్ ప్లాంటు నుంచి మిక్స్ టిప్పర్‌లో వేడివేడిగా రావాలి. అంత చిన్న పనికి ప్లాంటువాళ్లు లోడు పంపరు, పంపినా పెద్ద రోలర్ తిరగడానికి చోటుండదు. చివరికి రోడ్డు పక్కన డ్రమ్ములో కలిపిన మిక్స్‌ను పారలతో పరిచి, చిన్న రోలర్ తిప్పి వెళ్లిపోతారు. అది నిలవదు. అలాంటి చోట కాంక్రీటో పేవర్ బ్లాకులో మేలు.

కనీసం మూడు నాలుగు వేల చదరపు అడుగులు ఉండి, టిప్పర్, రోలర్ లోపలికి రాగలిగితే తారు గురించి ఆలోచించవచ్చు. కాంక్రీటుతో పోలిస్తే మొదటి ఖర్చు తక్కువ, క్యూరింగ్ కోసం రోజుల తరబడి దారి మూయనక్కర్లేదు, పాడైన చోట మాత్రమే కోసి అతకవచ్చు. బరువైన లారీలు రోజంతా నిలబడే చోట, డీజిల్, ఆయిల్ కారే చోట తారు పనికిరాదు. డీజిల్ తారును కరిగించేస్తుంది. రైస్ మిల్లులో లారీ లోడింగ్ జరిగే భాగం కాంక్రీటు, మిగతా యార్డు తారు అని విడదీసుకోవడం మంచి పద్ధతి.

2. కింద ఏ మట్టి ఉందో చూడండి

తెలంగాణలో ఎర్రమట్టి, మొరం ఉన్న చోట అదృష్టమే. గుంటూరు, కృష్ణా, కర్నూలు, ఆదిలాబాద్ ప్రాంతాల్లో కనిపించే నల్లరేగడి మీదైతే మాత్రం జాగ్రత్త పడాల్సిందే. ఆ మట్టి వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుని నెర్రెలు విచ్చుతుంది. పైన ఎంత మంచి తారు వేసినా ఆ నెర్రె దాని మీద గీతలా తేలుతుంది.

మట్టిని ల్యాబ్‌కు పంపి రెండు పరీక్షలు చేయించండి. మొదటిది ఫ్రీ స్వెల్ ఇండెక్స్, అంటే నీటికి మట్టి ఎంత ఉబ్బుతుందో చెప్పే అంకె. అది 50 శాతం దాటితే ఆ మట్టి మీద నేరుగా రోడ్డు కట్టకూడదు. రెండోది నాలుగు రోజులు నీళ్లలో నానబెట్టి చేసే సీబీఆర్, అంటే మట్టి ఎంత బరువు మోయగలదో చూసే పరీక్ష. పొరల మందం దీన్నిబట్టే తేలుతుంది. సివిల్ ఇంజినీరింగ్ కాలేజీల ల్యాబుల్లోనూ ప్రైవేటు ల్యాబుల్లోనూ ఇవి చేస్తారు. మొత్తం పనిలో వీటి ఖర్చు లెక్కలోకి రానంత చిన్నది.

నల్లరేగడి అని తేలితే జాతీయ రహదారులకు 60 సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా ఉబ్బని మట్టి పొర వేస్తారు. కార్లు తిరిగే కాలనీకి అంత అక్కర్లేదు గానీ, కనీసం అడుగున్నర తవ్వి తీసి మంచి మొరం నింపి, పొరలు పొరలుగా నీళ్లు చల్లి రోలర్ తొక్కించాలి. లేదా సున్నం కలిపి మట్టిని స్థిరపరచవచ్చు. ఇక్కడ మిగిల్చిన డబ్బును తర్వాత ఏ పై పొరతోనూ పూడ్చలేరు.

3. నీటికి దారి

రోడ్డుకు మధ్య నుంచి అంచులకు వాలు ఉండాలి. తారు రోడ్డుకు 2 నుంచి 2.5 శాతం సరిపోతుంది. అంటే ప్రతి మీటరు వెడల్పుకు 20 నుంచి 25 మిల్లీమీటర్లు కిందికి. ఆరు మీటర్ల రోడ్డులో మధ్య భాగం అంచుకంటే 60 నుంచి 75 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉంటుందన్నమాట. ఫామ్‌హౌస్ బాటలాంటి సన్నని దారికి మధ్యలో ఎత్తు పెట్టే బదులు మొత్తాన్ని ఒకే వైపుకు వాల్చవచ్చు.

వాలు ఇచ్చాక ఆ నీరు ఎక్కడికి వెళ్తుందో చూడాలి. చాలా కాలనీల్లో రోడ్డు నుంచి నీరు పక్కకు వస్తుంది, కానీ అక్కడ కాలువ ఉండదు, లాన్ మట్టి రోడ్డుకంటే ఎత్తుగా ఉంటుంది. నీరు అంచునే నిలిచి కంకర పొరలోకి ఇంకుతుంది. కొన్నాళ్లకు అంచు ముక్కలుగా విరుగుతుంది. పక్క కాలువ అడుగు మట్టం కంకర పొర అడుగుకంటే కిందికి ఉండాలి. అప్పుడే లోపలికి దిగిన నీరు బయటికి కారుతుంది.

స్పీడ్ బ్రేకర్లనూ ఇప్పుడే అనుకోవాలి. గుండ్రటి హంప్‌కు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పే కొలత 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు. కాలనీల్లో వేసే నిటారు గడ్డలు నడుములు విరగ్గొట్టడమే కాదు, వాటి వెనక నీరు కూడా నిలుస్తుంది. రెండు చివరలా కాలువ పక్కన నీరు పోయే సందు వదలండి.

4. పైపులన్నీ ముందే

మంచినీటి లైను, డ్రైనేజీ, వాననీటి పైపు, కరెంటు, ఇంటర్నెట్ కేబుల్... రేపు ఎవరు ఏది అడిగినా రోడ్డు కోయకుండా ఉండాలంటే, ప్రతి రెండు మూడు ఇళ్లకూ ఒకచోట రోడ్డుకు అడ్డంగా 4 అంగుళాల లేదా 6 అంగుళాల ఖాళీ పీవీసీ పైపులు పూడ్చి రెండు చివరలూ మూసిపెట్టండి. అవి ఎక్కడ ఉన్నాయో డ్రాయింగ్ మీద గుర్తుపెట్టి అసోసియేషన్ ఫైల్లో దాచండి. కర్బ్ రాయి మీద పెయింటు గుర్తు కూడా వేయండి.

తవ్విన గాడిలో మట్టిని ఒకేసారి నింపి పైన రోలర్ తిప్పితే కింద వదులుగానే ఉంటుంది. 15 సెంటీమీటర్ల పొరలుగా నింపి, ఒక్కో పొరనూ కొట్టించాలి. మ్యాన్‌హోల్ మూతలను కొత్త రోడ్డు మట్టానికి ముందే ఎత్తించండి.

5. ఒప్పందం కాగితం మీద

నోటి మాటగా "రెండు అంగుళాల తారు" అంటే కాంట్రాక్టర్‌కు ఒక అర్థం, మీకు ఒక అర్థం. పరిచినప్పుడు రెండు అంగుళాలు ఉన్న మిక్స్ రోలర్ తొక్కాక అంగుళంన్నర చిల్లరకు దిగుతుంది. అందుకే ప్రతి పొరకూ "రోలింగ్ తర్వాతి మందం" అని రాయించండి.

మామూలు ఎర్రమట్టి మీద, కార్లు, అప్పుడప్పుడు వాటర్ ట్యాంకర్, స్కూలు బస్సు తిరిగే కాలనీకి స్థూలంగా ఇలా ఉంటే బాగుంటుంది: అడుగున 150 మిల్లీమీటర్ల జీఎస్‌బీ (మట్టి మీద వేసే మొదటి కంకర పొర), దాని మీద 150 నుంచి 200 మిల్లీమీటర్ల వెట్ మిక్స్ (తేమతో కలిపిన కంకర, డస్ట్), 50 మిల్లీమీటర్ల డీబీఎం (ఒత్తుగా ఉండే కింది తారు పొర), పైన 30 మిల్లీమీటర్ల బీసీ (సన్న కంకరతో వేసే పై తారు పొర). కార్లు మాత్రమే వెళ్లే బాటకు డీబీఎం వదిలేసి, వెట్ మిక్స్ మీద 40 మిల్లీమీటర్ల బీసీ సరిపోవచ్చు. మట్టి పరీక్ష రిపోర్టు చూసి ఇంజినీరు సవరిస్తారు.

ఎంత మిక్స్ రావాలో మీరే లెక్క వేసుకోవచ్చు. రోలింగ్ అయిన తారు మిక్స్ ఘనపు మీటరుకు సుమారు 2.3 నుంచి 2.4 టన్నులు తూగుతుంది. 100 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు అంటే 600 చదరపు మీటర్లు. 30 మిల్లీమీటర్ల పై పొరకు 18 ఘనపు మీటర్లు, అంటే దాదాపు 42 టన్నులు. కింద 50 మిల్లీమీటర్ల పొరకు 30 ఘనపు మీటర్లు, 70 టన్నుల దగ్గర. ప్రతి టిప్పర్ కాటా చీటీ తీసుకుని కూడండి. 42 టన్నులు రావాల్సిన చోట 30 వచ్చిందంటే మందం ఎక్కడికి పోయిందో ఎవరినీ అడగనక్కర్లేదు.

ఒప్పందంలో ఇవి కూడా ఉండాలి: తారు చిక్కదనాన్ని చెప్పే గ్రేడు (మన ఎండలకు సాధారణంగా వీజీ-30, బరువైన లారీలు తిరిగితే ఇంకా చిక్కనిది వీజీ-40), పూర్తయ్యాక రెండు మూడు చోట్ల కోర్ కట్ చేసి (గుండ్రటి ముక్క కోసి తీసి) మందం చూసే హక్కు, రెండు వానాకాలాలు గడిచే దాకా మరమ్మతు బాధ్యత, అప్పటిదాకా బిల్లులో పదో వంతు మీ దగ్గరే ఉంచుకునే షరతు.

ఇంకా ఇళ్లు కడుతున్న లేఅవుట్ అయితే చివరి పొరను ఆపండి. 1958 నుంచి 1960 వరకు అమెరికాలోని ఇల్లినాయ్‌లో లారీలు తిప్పి చేసిన ఆషో రోడ్ టెస్టు అనే ప్రయోగంలో తేలిందేమిటంటే, ఇరుసు మీద బరువు పెరిగే కొద్దీ రోడ్డుకు జరిగే నష్టం దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. బరువు రెండింతలైతే నష్టం సుమారు 16 రెట్లు. ఒక్క ఇంటి కోసం వచ్చే ఇసుక టిప్పర్లు, రెడీమిక్స్ బండ్లు, బోరు బండి కలిపి ఏళ్ల తరబడి కార్లు చేయలేని నష్టం చేసి పోతాయి. ఇలా పై పొర వాయిదా వేసేటప్పుడు కింద పొరగా బీఎం (బిట్యుమినస్ మెకాడమ్) అనే తారు మిక్స్ వేయించకండి. దాంట్లో ఖాళీలు ఎక్కువ, నీరు దిగుతుంది. రెండు రోజుల్లోపు పైన మరో పొర కప్పాలన్నది నిబంధన. వాయిదా ఉంటే ఒత్తుగా ఉండే డీబీఎం వేయించాలి.

6. కంకర పొరలు

జీఎస్‌బీ పొర బరువు మోయడంతో పాటు నీటిని పక్కకు పంపుతుంది. అందులో మెత్తటి మట్టి ఎక్కువైతే నీరు కదలదు. టిప్పర్‌లో వచ్చిన సరుకును గుప్పెట్లో పట్టి తడిపి పిసకండి. చేతికి బంకలా అంటుకుంటే వెనక్కి పంపండి.

వెట్ మిక్స్ ప్లాంటులో సరైన తేమతో కలిసి రావాలి. సైట్‌లో కంకర, డస్ట్ విడివిడిగా పోసి జేసీబీతో కలిపితే ఒకచోట రాళ్లు, ఒకచోట పొడి చేరుతుంది. వైబ్రో రోలర్ ల్యాబ్‌లో తేలిన గరిష్ఠ సాంద్రతలో 98 శాతం వచ్చేదాకా తొక్కాలి. దానికి ఇసుక పోసి చేసే డెన్సిటీ టెస్టు ఉంది, అడిగి చేయించండి. మీరు చేయగల చిన్న పరీక్ష: లోడుతో ఉన్న టిప్పర్‌ను నెమ్మదిగా నడిపించి చక్రం కింద చూడండి. ఉపరితలం పరుపులా దిగి లేస్తుంటే ఆ చోట తవ్వి మళ్లీ చేయాలి. అలాంటి చోట తారు వేయనివ్వకండి.

7. ప్రైమ్ కోటు, టాక్ కోటు

కాంట్రాక్టర్లు ఎక్కువగా ఎగ్గొట్టేది ఇక్కడే. వెట్ మిక్స్ మీద దుమ్మంతా ఊడ్చి, కంప్రెసర్ గాలితో కొట్టి, కంకరకు తారు పొర అతుక్కునేలా ఎమల్షన్ (నీటిలో కలిపిన తారు) ప్రైమ్ కోటు చదరపు మీటరుకు 0.7 నుంచి 1 కిలో చల్లాలి. మన 600 చదరపు మీటర్లకు 420 నుంచి 600 కిలోలు, అంటే రెండు మూడు డ్రమ్ములు. డ్రమ్ములు లెక్కపెట్టండి. 24 గంటలు ఆరనివ్వాలి, ఆలోగా బండ్లు తిరగకూడదు.

ఒక తారు పొర మీద ఇంకో తారు పొర వేసే ముందు టాక్ కోటు చదరపు మీటరుకు 0.2 నుంచి 0.3 కిలో. పొరలు అతుక్కునేది దీనితోనే. ఎమల్షన్ చల్లినప్పుడు గోధుమ రంగులో ఉంటుంది, నీరు విడిపోయాక నల్లబడుతుంది. ఇంకా గోధుమ రంగులో ఉండగా మిక్స్ పోస్తుంటే ఆపండి.

8. మిక్స్ వేసే రోజు

నవంబరు చివరి నుంచి మే దాకా మంచి కాలం. కోస్తాలో అక్టోబరు, నవంబరుల్లో తుపాను వానలుంటాయి కాబట్టి సంక్రాంతి దాటాక పెట్టుకుంటే టెన్షన్ ఉండదు. కింద తడి ఉన్నా, చినుకు పడుతున్నా పని ఆపాల్సిందే.

చేతిలో ఒక ప్రోబ్ థర్మామీటర్ ఉంచుకోండి. వీజీ-30తో చేసిన మిక్స్ ప్లాంటులో 150 నుంచి 165 డిగ్రీల సెల్సియస్‌లో తయారవుతుంది, పరిచేటప్పుడు 140కి తగ్గకూడదు, 90 డిగ్రీలకు దిగేలోపు రోలింగ్ పూర్తవాలి. వీజీ-40కి ఈ అంకెలు ఒక పది డిగ్రీలు ఎక్కువ. టిప్పర్ మీద తార్పాలిన్ లేకుండా నగరం ట్రాఫిక్ దాటి వచ్చిన లోడు పైన గడ్డకట్టి ఉంటుంది. నీలం పొగ లేస్తుంటే మిక్స్ మాడిందని అర్థం, అందులో తారు జిగురు చచ్చిపోయి ఉంటుంది. రెండు రకాల లోడునూ తిప్పి పంపే అధికారం మీకుందని ఒప్పందంలో రాసుకుని ఉండాలి.

పరచడానికి పేవర్ యంత్రం కావాలి. మూలల్లో తప్ప పారలతో, రేకులతో పరచనివ్వకండి. రోలర్ అంచు నుంచి మధ్యకు రావాలి, మనిషి నడక వేగాన్ని మించకూడదు. సన్నని పొర నిమిషాల్లో చల్లారుతుంది కాబట్టి రోలర్ పేవర్ వెనకే ఉండాలి. పేవర్ ఇక్కడ, రోలర్ డ్రైవర్ భోజనానికి అక్కడ అయితే ఆ భాగం జన్మలో గట్టిపడదు. చక్రాలకు మిక్స్ అంటకుండా డీజిల్ రాస్తుంటారు, దాన్ని ఆపించి సబ్బు నీళ్లు వాడమనండి.

పిల్లల్ని దూరంగా ఉంచండి. వేడి తారు ఒంటి మీద పడితే ఆ చోటును ధారగా చన్నీళ్ల కింద పెట్టాలి, అంటుకున్న తారును పీకకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పని చేసే కూలీలకు బూట్లు, గ్లౌజులు ఉన్నాయో లేదో చూడటం కూడా పని చేయించేవారి బాధ్యతే.

ఒక రోజు పూర్తిగా చల్లారాకే బండ్లు వదలండి. మొదటి వేసవి మొత్తం జాగ్రత్త: కారు కదలకుండా స్టీరింగ్ తిప్పితే తారు చిరుగుతుంది, ఎండలో బుల్లెట్ బండి సైడ్ స్టాండ్ దిగబడి గుంట పడుతుంది. స్టాండు కింద చిన్న రేకు ముక్క చాలు.

9. ఏటా రెండు తనిఖీలు

మే నెలలో ఒకసారి, వానలు వెలిసాక ఒకసారి రోడ్డంతా నడవండి. మేలో కాలువల పూడిక తీయించి, పగుళ్లు మూయించాలి. గట్టి వాన పడ్డ గంట తర్వాత నడిస్తే నీరు ఎక్కడ నిలుస్తోందో కనిపిస్తుంది, అక్కడ సున్నంతో గుర్తు పెట్టండి. వచ్చే ఏడాది గుంతలు ఆ గుర్తుల దగ్గరే పడతాయి.

పొడవుగా సాగిన ఒంటరి పగులు: కంప్రెసర్‌తో దుమ్ము తీసి, రబ్బరు కలిపిన వేడి సీలెంట్ పోయాలి. చిన్నవాటికి ఎమల్షన్, రాతి డస్ట్ కలిపి నింపినా నడుస్తుంది.

మొసలి వీపులా గళ్లు గళ్లుగా పగిలితే మాత్రం కింద కంకర పొర పాడైంది. పైన ఎంత పూసినా దండగ. ఆ భాగాన్ని కంకర దాకా తీసి, నీరు ఎక్కడి నుంచి వస్తోందో కనుక్కుని మళ్లీ కట్టాలి. చాలాసార్లు కింద లీకవుతున్న నీళ్ల పైపు దొరుకుతుంది.

గుంత పూడ్చే పద్ధతి: వదులుగా ఉన్నదంతా పోయేలా గుంతకంటే కాస్త పెద్దగా, నలుచదరంగా, అంచులు నిటారుగా ఉండేలా కోయాలి. గట్టి అడుగు తగిలేదాకా తీసి, ఆరబెట్టి, అడుగుకూ పక్కలకూ టాక్ కోటు పూయాలి. లోతు ఎక్కువైతే పొరలుగా నింపి ఒక్కో పొరా కొట్టించాలి. పై మట్టం రోడ్డుకంటే ఐదారు మిల్లీమీటర్లు ఎత్తుగా వదిలితే బండ్లు తొక్కి సమం చేస్తాయి. వానాకాలంలో హాట్ మిక్స్ దొరకదు, అప్పటికి వేడి చేయకుండానే వాడే, సంచుల్లో అమ్మే కోల్డ్ మిక్స్ ఆదుకుంటుంది. నీటి గుంతలో మట్టి, ఇటుక ముక్కలు పోయడం వల్ల గుంత పెద్దదవుతుందే తప్ప తగ్గదు.

నాలుగైదేళ్లకు నలుపు పోయి బూడిద రంగు తేలి, సన్న కంకర ఊడుతుంటే పైన ఎమల్షన్, రాతి డస్ట్ కలిపిన పలుచటి పూత, అంటే స్లర్రీ సీల్ వేయించవచ్చు. అది నీరు దిగకుండా ఆపుతుంది. బలం మాత్రం ఇవ్వదు.

అమెరికాలో, ముఖ్యంగా న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, మిషిగన్‌లలో ఉన్న మనవాళ్ల ఇళ్ల ముందు డ్రైవ్‌వేలు చాలావరకు తారువే. అక్కడ చలి అదనపు సమస్య: పగులులోని నీరు గడ్డకట్టి తొమ్మిది శాతం దాకా ఉబ్బుతుంది, పగులును చీల్చుతుంది. అందుకే మంచు పడకముందే, శరత్కాలంలో పగుళ్లు మూయాలి. పైన పూసే సీల్ కోటింగ్‌కు కోల్ టార్ (బొగ్గు నుంచి వచ్చే తారు) రకం వద్దు. అందులోని హానికర రసాయనాల వల్ల ఆస్టిన్ నగరం 2006లో, వాషింగ్టన్ రాష్ట్రం 2011లో, మిన్నెసోటా 2014లో దాన్ని నిషేధించాయి. అస్ఫాల్ట్ ఎమల్షన్ రకం తీసుకోండి. "పక్క వీధిలో పని చేశాం, మిక్స్ మిగిలింది, తక్కువకు వేసిపోతాం" అని తలుపు తట్టేవారికి డబ్బు ఇవ్వకండి. ఆ పేరుతో మోసాలు అక్కడ చాలా పాతవి.

10. మళ్లీ వేయించే ముందు

పదేళ్లకో పన్నెండేళ్లకో పై పొర మార్చాల్సి వస్తుంది. అప్పుడు పాత రోడ్డు మీదే కొత్త తారు పోసుకుంటూ పోతే రోడ్డు ఎత్తవుతుంది, ఇళ్లు పల్లమవుతాయి. హైదరాబాద్ పాత కాలనీల్లో వాననీరు సెల్లార్లలోకి, గదుల్లోకి రావడానికి ఇదొక కారణం. మిల్లింగ్ యంత్రంతో పాత పొరను ముందు చెక్కించి, అంతే మందం కొత్తది వేయించాలి. చెక్కిన పొడిని పారబోయనక్కర్లేదు, పార్కింగ్ అంచులకో కచ్చా బాటకో పరిచి రోలర్ తొక్కిస్తే బాగా పనికొస్తుంది. పని మొదలయ్యే ముందు రోజు ప్రతి గేటు దగ్గరా గడప మట్టం ఎంతుందో కొలిచి, ఫోటో తీసి, కాంట్రాక్టర్ సంతకంతో ఫైల్లో పెట్టండి.